ఎమ్యులేటర్ కోసం గ్రాఫిక్స్ కార్డ్ కొంటున్నారా? ముందు ఈ 5 నిమిషాల టెస్ట్ చేయండి

"అన్నా, 15 వేలు దాచుకున్నా. పీఎస్2 గేమ్స్ స్మూత్‌గా ఆడాలి. ఏ గ్రాఫిక్స్ కార్డ్ కొనమంటావ్?"

పోయిన నెల మా బాబాయ్ కొడుకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. నేను కార్డ్ పేరు చెప్పలేదు. "కార్డ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక టెస్ట్ చెయ్యరా" అన్నాను. వాడికి కొంచెం కోపం వచ్చింది కూడా. కానీ అదే టెస్ట్ నేను చెయ్యకుండా ఒకసారి 9,500 రూపాయలు పెట్టేశాను. ఆ సంగతి ముందు చెప్తాను, దాన్నుంచే మిగతా పాఠం మొత్తం వస్తుంది.

అప్పట్లో నా డెస్క్‌టాప్‌లో పాత 4 కోర్ల ప్రాసెసర్ ఉండేది. పీసీఎస్‌ఎక్స్2లో షాడో ఆఫ్ ది కొలోసస్ పెడితే గేమ్ అంతా స్లో మోషన్‌లో నడిచేది, మ్యూజిక్ సాగిపోయేది. "గేమ్ కదా, గ్రాఫిక్స్ కార్డ్ చాలట్లేదు" అని నాకు నేనే తేల్చేసుకున్నా. పాత 2 జీబీ కార్డ్ అమ్మేసి, ఇంకొంత కలిపి, సెకండ్ హ్యాండ్‌లో 6 జీబీ కార్డ్ కొన్నాను. ఆ రాత్రే బిగించి అదే గేమ్ అదే చోట పెట్టి చూశాను. కొత్త కార్డ్‌కి ముందు స్పీడ్ 74 శాతం. తర్వాత 75 శాతం! కార్డ్‌లో ఏ లోపమూ లేదు. జబ్బు ఒకచోట ఉంటే నేను మందు ఇంకోచోట రాశాను, అంతే.

ఎమ్యులేటర్‌లో ఎవరి పని ఏంటి?

పీఎస్2 ప్రాసెసర్ పేరు ఎమోషన్ ఇంజిన్. దాని స్పీడ్ సుమారు 295 మెగాహెర్ట్జ్. గ్రాఫిక్స్ చిప్‌లో ఉన్న మెమరీ 4 ఎంబీ. ఈ నంబర్లు చూసి "నా పీసీ ముందు ఇదెంత" అనిపిస్తుంది. చిక్కు ఏంటంటే, ఆ ప్రాసెసర్ అర్థం చేసుకునే భాష వేరు, మన పీసీ ప్రాసెసర్ భాష వేరు. గేమ్ నడుస్తుండగానే ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మార్చాలి. దానికితోడు అసలు కన్సోల్‌లో ఏ చిప్ ఎప్పుడు ఏం చేసేదో ఆ టైమింగ్ కూడా తప్పకూడదు. ఈ పనంతా మీ సీపీయూదే.

ఇంకో ముఖ్యమైన విషయం: పీసీఎస్‌ఎక్స్2 ఈ బరువంతా రెండు మూడు థ్రెడ్ల మీదే వేస్తుంది. అందుకే 12 కోర్లు ఉన్నాయా 16 ఉన్నాయా అన్నదానికంటే, ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే లెక్క.

మరి జీపీయూ చేసేదేంటి? బొమ్మ గీయడం. కన్సోల్ అసలు రిజల్యూషన్‌లో గీయడం చిన్న కార్డ్‌కి కూడా తేలికే. మనం ఇంటర్నల్ రిజల్యూషన్ పెంచినప్పుడే దాని కష్టం మొదలవుతుంది. 3 రెట్లు పెడితే పొడవు 3 రెట్లు, వెడల్పు 3 రెట్లు. అంటే పిక్సెల్స్ 9 రెట్లు. 6 రెట్లు పెడితే 36 రెట్లు.

కాబట్టి గుర్తుపెట్టుకోడానికి తేలిగ్గా ఒక మాట: గేమ్ స్పీడ్ ఎక్కువగా సీపీయూ చేతిలో ఉంటుంది, బొమ్మ క్లారిటీ జీపీయూ చేతిలో ఉంటుంది. దీనికి మినహాయింపులు ఉన్నాయి. ఉదాహరణకి పీసీఎస్‌ఎక్స్2లో బ్లెండింగ్ యాక్యురసీని పై లెవెల్స్‌కి తీసుకెళ్తే కార్డ్ మీద బరువు బాగా పెరుగుతుంది. అయినా మొదలుపెట్టడానికి ఈ రూల్ చాలు.

మామూలు పీసీ గేమ్‌తో తేడా కూడా ఇక్కడే ఉంది. పీసీ గేమ్‌లో పవర్ చాలకపోతే ఫ్రేమ్స్ తగ్గుతాయి కానీ గేమ్‌లో టైమ్ మామూలుగానే నడుస్తుంది. ఎమ్యులేటర్‌లో పవర్ చాలకపోతే కన్సోల్ మొత్తం నెమ్మదిస్తుంది. క్యారెక్టర్ నడక, మ్యూజిక్, టైమర్ అన్నీ సాగుతాయి. సౌండ్ సాగుతోందంటే స్పీడ్ 100 శాతం కంటే కింద ఉందని అర్థం.

5 నిమిషాల టెస్ట్

పీసీఎస్‌ఎక్స్2 ఆధారంగా చెప్తున్నాను. డాల్ఫిన్, పీపీఎస్‌ఎస్‌పీపీల్లో కూడా ఇదే పద్ధతి.

1. ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్పీడ్ శాతం, సీపీయూ, జీపీయూ వాడకం కనిపించేలా ఆన్ చేయండి.
2. గేమ్ బాగా స్లో అయ్యే చోటుకి వెళ్లి సేవ్ స్టేట్ పెట్టుకోండి. ప్రతిసారీ ఇదే చోటు నుంచి చూడాలి, లేకపోతే పోలికకి అర్థం ఉండదు.
3. మీరు రోజూ వాడే సెట్టింగ్స్‌తో స్పీడ్ శాతం రాసుకోండి.
4. ఇంటర్నల్ రిజల్యూషన్‌ని నేటివ్‌కి, అంటే 1 రెట్టుకి దించండి. అదే సేవ్ స్టేట్ లోడ్ చేసి మళ్లీ రాసుకోండి.

ఇక ఫలితం చూద్దాం.

- స్పీడ్ దాదాపు మారలేదా? మీ సమస్య సీపీయూ. ఎంత పెద్ద కార్డ్ కొన్నా ఆ స్పీడ్ అలాగే ఉంటుంది. నా 74, 75 శాతం కథ ఇదే.
- స్పీడ్ 100కి వచ్చేసిందా? మీ సమస్య జీపీయూ. ఇప్పుడు కార్డ్ గురించి ఆలోచించడంలో అర్థం ఉంది.
- కొంచెం పెరిగి 85 దగ్గర ఆగిపోయిందా? రెండూ తక్కువే. కార్డ్ మారిస్తే ఎక్కువలో ఎక్కువ ఆ 85 దాకా వెళ్తారు, అంతకుమించి వెళ్లరు.

ఒక జాగ్రత్త: ఈ టెస్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ రెండరర్‌లో ఉండకండి. అందులో బొమ్మ గీసే పని కూడా సీపీయూ మీదే పడుతుంది. వల్కన్ పెట్టుకుని చూడండి.

ఇక్కడ చాలామంది పడే పొరపాట్లు రెండు ఉన్నాయి. మొదటిది, ఎఫ్‌పీఎస్ నంబర్ చూసి భయపడటం. పాల్ వెర్షన్ గేమ్స్ చాలా వరకు 50 హెర్ట్జ్‌కి తయారైనవి. అవి 50 చూపిస్తే అదే ఫుల్ స్పీడ్, 60 రావడం లేదని కార్డ్ మార్చక్కర్లేదు. ఎప్పుడూ స్పీడ్ శాతమే చూడండి. రెండోది, టాస్క్ మేనేజర్. "సీపీయూ 20 శాతమే వాడుతోంది, కాబట్టి ప్రాబ్లమ్ సీపీయూ కాదు" అనుకుంటాం. 8 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం మీద అది చూపించేది 12.5 శాతమే! నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే.

డబ్బు పెట్టకముందు ఇవి చూడండి

టెస్ట్‌లో జీపీయూ సమస్య అని తేలినా వెంటనే షాపుకి వెళ్లకండి.

డెస్క్‌టాప్ అయితే హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. కార్డ్ ఉన్నా కేబుల్ మదర్‌బోర్డ్ పోర్ట్‌కి పెట్టేసేవాళ్లు చాలామందే ఉంటారు. ల్యాప్‌టాప్‌లో రెండు జీపీయూలు ఉంటే, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో మీ ఎమ్యులేటర్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. ఆడేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి.

మీది ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అయితే ర్యామ్ చూడండి. దానికి సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్కటే స్టిక్ ఉంటే అది సింగిల్ ఛానెల్‌లో నడుస్తుంది. రెండో స్టిక్ పెట్టి డ్యూయల్ ఛానెల్ చేస్తే బ్యాండ్‌విడ్త్ రెట్టింపు అవుతుంది.

మా తమ్ముడి విషయంలో జరిగింది ఇదే. వాడిది రైజెన్ 5 5600జీ, 8 జీబీ స్టిక్ ఒక్కటే. టెస్ట్ చేయిస్తే నేటివ్‌లో 100 శాతం, 3 రెట్లలో 70 దగ్గర. అంటే సీపీయూ బాగానే ఉంది, గ్రాఫిక్స్ వైపు తక్కువైంది. అలాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్ పెట్టించాను. వాడు ఆడే గేమ్స్ ఇప్పుడు ఫుల్ స్పీడ్‌లో నడుస్తున్నాయి. దాచుకున్న డబ్బులో చాలా వరకు వాడి దగ్గరే ఉంది.

ఇంకొకటి. గేమ్ మొత్తం బాగా నడుస్తూ, కొత్త ఎఫెక్ట్ వచ్చినప్పుడు మాత్రమే ఒక్క క్షణం ఆగుతోందంటే అది షేడర్ కంపైలేషన్. ఒకసారి కంపైల్ అయ్యాక క్యాష్‌లో ఉంటుంది, అదే చోట మళ్లీ ఆగదు. డాల్ఫిన్‌లో దీనికోసమే 2017లో ఉబర్‌షేడర్స్ తెచ్చారు. హైబ్రిడ్ మోడ్ పెట్టుకుంటే ఆ ఆగడం బాగా తగ్గుతుంది. అయితే అది కార్డ్ మీద కొంత ఎక్కువ భారం వేస్తుంది.

ఏ కన్సోల్‌కి ఎంత కార్డ్?

పీఎస్‌పీ: అసలు స్క్రీన్ 480×272. 4 రెట్లు చేస్తే 1920×1088, అంటే ఫుల్ హెచ్‌డీ వచ్చేసినట్టే. ఈమధ్య వచ్చిన ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చాలు. దీనికోసం కార్డ్ కొనకండి.

గేమ్‌క్యూబ్, వీ: డాల్ఫిన్‌లో 3 రెట్లు పెడితే 1080పీ స్క్రీన్‌కి సరిపోతుంది. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 స్థాయి కార్డ్ ఉంటే నిశ్చింత.

పీఎస్2: ఇక్కడ కూడా 1080పీకి 3 రెట్లు, 1440పీకి 4, 4కేకి 6. ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉన్నవాళ్లకి పైన చెప్పిన 4 జీబీ కార్డులే చాలా గేమ్స్‌కి సరిపోతాయి. 4కే టీవీకి పెట్టాలంటేనే ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 3050 లాంటి వాటి వైపు చూడండి.

పీఎస్3: దీని లెక్కే వేరు. సెల్ ప్రాసెసర్‌లో ఒక ప్రధాన కోర్, దానితో పాటు గేమ్స్‌కి అందే 6 చిన్న కోర్లు ఉంటాయి. వాటన్నిటి పనీ మీ సీపీయూ చెయ్యాలి. కాబట్టి ఇక్కడ మాత్రం కోర్ల సంఖ్య కూడా ముఖ్యమే. 6 కోర్లు, 12 థ్రెడ్ల కొత్త తరం ప్రాసెసర్ లేకుండా ఆర్‌పీసీఎస్3 కోసం పెద్ద కార్డ్ కొంటే నా కథే రిపీట్ అవుతుంది. కార్డ్‌కి వల్కన్ సపోర్ట్ బాగుండాలి, అంతే.

కొనేటప్పుడు చూడాల్సినవి

పేరు చూసి కాదు, మెమరీ చూసి కొనండి. దీనికి జీటీ 1030 మంచి ఉదాహరణ. ఒకే పేరుతో రెండు రకాలు ఉన్నాయి. జీడీడీఆర్5 రకానికి బ్యాండ్‌విడ్త్ సెకనుకి 48 జీబీ. డీడీఆర్4 రకానికి 16.8 జీబీ మాత్రమే. ఎమ్యులేటర్‌లో రిజల్యూషన్ పెంచినప్పుడు కావాల్సింది ఈ బ్యాండ్‌విడ్తే. డబ్బా మీద మెమరీ రకం చదవకుండా డబ్బు ఇవ్వకండి.

పవర్ సప్లై: పీసీఐఈ స్లాట్ నుంచి కార్డ్‌కి అందేది 75 వాట్ల వరకే. ఆఫీసుల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్స్‌లో చాలా వాటికి కార్డ్‌కి ఇచ్చే ప్రత్యేక పవర్ కేబుల్ ఉండదు. అలాంటప్పుడు 75 వాట్ల లోపు కార్డులే దారి: జీటీఎక్స్ 1650లో చాలా మోడల్స్, 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400. సన్న క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ మోడల్ కావాలి. కొలిచి చూసుకుని వెళ్లండి.

ఆర్‌ఎక్స్ 6400 తీసుకునేవాళ్లు రెండు తెలుసుకోండి. అది 4 పీసీఐఈ లేన్లే వాడుతుంది, కాబట్టి పాత పీసీఐఈ 3.0 బోర్డుల్లో కొంత వెనకబడొచ్చు. వీడియో రికార్డింగ్‌కి కావాల్సిన హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ కూడా అందులో లేదు. గేమ్‌ప్లే రికార్డ్ చేసే అలవాటు ఉంటే ఆ పని కూడా సీపీయూ మీదే పడుతుంది.

సెకండ్ హ్యాండ్: సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, డబ్బిచ్చే ముందు సిస్టమ్‌లో పెట్టి జీపీయూ-జెడ్ రన్ చేయించండి. పాత కార్డ్ బయోస్ మార్చి కొత్త పేరుతో అమ్మేవి మార్కెట్‌లో తిరుగుతుంటాయి. అలాంటి ఎన్‌విడియా కార్డులు చాలా వాటిని ఈ టూల్ ఫేక్ అని పట్టిస్తుంది. తర్వాత 10, 15 నిమిషాలు లోడ్ మీద నడిపి టెంపరేచర్, ఫ్యాన్ శబ్దం చూడండి. ఒప్పుకోని చోట కొనకండి.

బయోస్, గేమ్స్ మాత్రం మీ సొంత కన్సోల్, సొంత డిస్క్‌ల నుంచి తీసుకున్నవే వాడండి.

చివరికి నా కార్డ్ ఏమైంది?

ఆ 6 జీబీ కార్డ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏడాది తర్వాత ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్ మార్చాను. అదే కార్డ్‌తో, అదే గేమ్, 3 రెట్ల రిజల్యూషన్‌లో 100 శాతం స్పీడ్ మీద నడిచింది. అంటే నేను కొన్నది చెడ్డ వస్తువు కాదు, ముందు కొనాల్సింది తర్వాత కొన్నాను. ఆ ఏడాది పాటు 9,500 రూపాయలు క్యాబినెట్‌లో ఊరికే కూర్చున్నాయి.

మీరు ఈరోజు సాయంత్రం ఒక సేవ్ స్టేట్ పెట్టి, రెండు నంబర్లు కాగితం మీద రాసుకోండి. షాపుకి వెళ్లాలా వద్దా అన్నది ఆ రెండు నంబర్లే చెప్తాయి.