జీతం అడిగే ముందు లెక్క రాయండి

పుస్తకం మీద రచయిత పేరుంటుంది, ప్రచురణ సంస్థ పేరుంటుంది. రాతప్రతి వచ్చిన రోజు నుంచి ప్రెస్సుకి ఫైలు వెళ్లేదాకా కాపీ ఎడిటర్‌నీ, టైప్‌సెట్టర్‌నీ, బొమ్మలు గీసేవాళ్లనీ, ఇండెక్స్ చేసేవాళ్లనీ ఒక్క తాటి మీద నడిపించే మనిషి పేరు మాత్రం చాలా పుస్తకాల్లో కనిపించదు. ఆ మనిషే ఎడిటోరియల్ ప్రాజెక్ట్ మేనేజర్. చెన్నై, పుదుచ్చేరి, నోయిడా, బెంగళూరుల్లో అమెరికా, బ్రిటన్ ప్రచురణ సంస్థల పని చేసిపెట్టే కంపెనీల్లో ఇలాంటివాళ్లు ఎందరో. నేనూ ఆ పనిలోనే ఏళ్లు గడిపాను.

"మేడమ్, ఇందులో జీతం ఎంత దాకా వస్తుంది?" అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. ఒక్క అంకెలో జవాబు చెప్పలేం. అమెరికా కార్మిక గణాంకాల శాఖ జాబితాలో ఈ పేరుతో విడిగా వృత్తే లేదు. 2024 మే నాటి ఆ లెక్కల్లో ఎడిటర్ల మధ్యస్థ వార్షిక వేతనం 75,260 డాలర్లు, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నిపుణులది 1,00,750 డాలర్లు. రెండో అంకెలో నిర్మాణ రంగం, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిసే ఉన్నాయి. ప్రచురణ రంగంలో అంత ఇస్తారని ఆశపడకండి. కానీ మన పని ఆ రెంటి మధ్యా ఉంది. మిమ్మల్ని "తప్పులు దిద్దే మనిషి"గా చూస్తున్నారా, "డబ్బునీ గడువునీ కాపాడే మనిషి"గా చూస్తున్నారా అన్నదాన్ని బట్టే జీతం ఎటు మొగ్గుతుందో తేలుతుంది.

మిగతా కారణాలూ ఉన్నాయి. కథలూ నవలలూ వేసే సంస్థల కంటే వైద్యం, న్యాయశాస్త్రం, సైన్సు పుస్తకాలు వేసేచోట సాధారణంగా ఎక్కువ ఇస్తారు. ప్రచురణ సంస్థలో నేరుగా చేస్తే ఒక రేటు, వాళ్లకు పని చేసిపెట్టే కంపెనీలో ఇంకో రేటు. ఫ్రీలాన్స్ రేటు పైకి ఘనంగా కనిపిస్తుంది కానీ, అమెరికాలో స్వయం ఉపాధి పన్నే 15.3 శాతం. ఆరోగ్య బీమా కూడా సొంత ఖర్చే. ఊరు, అనుభవం, ఒకేసారి చూసే పుస్తకాల సంఖ్య, బడ్జెట్ మీద మీకున్న అధికారం, ఎక్స్‌ఎంఎల్ పరిజ్ఞానం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

పేరున్న సంస్థ అయితే జీతం దానంతటదే బాగుంటుందనుకోవద్దు. న్యూయార్క్‌లో హార్పర్‌కాలిన్స్ ఉద్యోగులు 2022 నవంబరులో సమ్మెకు దిగి మూడు నెలలు పోరాడితే గాని కనీస వార్షిక వేతనం 45,000 డాలర్ల నుంచి 47,500కి, 2025 నాటికి 50,000కి పెంచే ఒప్పందం కుదరలేదు. అడగందే అమ్మయినా పెట్టదు!

అడగడం దగ్గరే నా ప్రాణం మీదికొచ్చేది. ప్రెస్సు గడువు ముందు రోజు రచయితను ఒప్పించి మార్పులు ఆపించిన నోరే అప్రైజల్ గదిలో పెగిలేది కాదు. "బాగా కష్టపడ్డాను సార్" అనడం, తలూపి బయటికి రావడం. ఆడవాళ్లు జీతం విషయంలో బేరానికి దిగడం తక్కువని లిండా బాబ్‌కాక్ అనే ఆర్థికవేత్త పరిశోధించి రాశారని ఎక్కడో చదివినప్పుడు, నా గురించే రాశారనిపించింది.

నన్ను గట్టెక్కించింది ఒక్క అలవాటు. శుక్రవారం సాయంత్రం, సిస్టమ్ కట్టేసే ముందు, ఒక నోటుబుక్కులో మూడు లైన్లు రాయడం. మొదటి లైను: ఈ వారం ఏం అడ్డంకి వచ్చింది? రెండోది: నేనేం చేశాను? మూడోది: దానివల్ల ఎవరికి ఏం మిగిలింది?

ఒక పేజీ చూపిస్తాను. "వైద్య గ్రంథం. మొదటి ప్రూఫుల్లో 324 పేజీలు తేలింది. 16 పేజీల ఫారం లెక్కన 320 దాటితే ఇంకో ఫారం పడుతుంది. టైప్‌సెట్టర్‌తో కూర్చుని, అధ్యాయాల చివర రెండు మూడు లైన్లే మిగిలిన పేజీలను వెనక్కి లాగించి 320కి తెచ్చాం. ప్రతి కాపీకీ ఒక ఫారం కాగితం, అచ్చు ఖర్చు మిగిలింది." అంతే. ఇది రాయకపోతే నెల తిరిగేసరికి నేనే మర్చిపోతాను, ఇక మేనేజర్‌కి ఏం గుర్తుంటుంది?

ఇంకో పేజీ: "ఏడో అధ్యాయంలో రెండు బొమ్మలకు అనుమతి పత్రాలు లేవు. ప్రూఫులు రచయితకు వెళ్లకముందే పట్టుకున్నాం. షెడ్యూల్ జారలేదు." జరగకుండా ఆపిన నష్టం ఎవరికీ కనిపించదు. దాన్ని మీరే కనిపించేలా చేయాలి. మూడు నెలలకోసారి నోటుబుక్కు తిరగేసి ఐదు విషయాలు ఏరండి. అంకెలున్నవి ముందు పెట్టండి. అప్రైజల్‌కి అవన్నీ ఒకే పేజీలో రాసుకెళ్లండి. ముందురోజు ఇంట్లో పైకి చదవండి. ఆ రాత్రి నాకు ఇప్పటికీ సరిగా నిద్ర పట్టదు, కానీ చేతిలో ఆ కాగితం ఉంటే గొంతు వణకదు.

"టైమ్ లేదండీ" అనకండి. అందరి షెడ్యూళ్లూ చూసేవాళ్లకి సొంత బతుకు కోసం పావుగంట దొరకదా? పదిమంది పని నడిపిస్తూ మీ పనికి సాక్ష్యం దాచుకోకపోవడం వినయం కాదు, మీకు మీరే చేసుకుంటున్న అన్యాయం.

మిగతావి క్లుప్తంగా. న్యూయార్క్ నగరంలో 2022 నవంబరు నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం శ్రేణి వేయాలన్న చట్టం ఉంది, అవి చదవండి. హోదా పేరుకు మురిసిపోకుండా బాధ్యతలు చూడండి. ఏడాదికో కొత్త సాధనం నేర్చుకోండి. తోటివాళ్లతో జీతాల గురించి మాట్లాడటానికి సిగ్గుపడకండి. ముందు చెప్పిన అంకె చుట్టూనే మన అంచనాలు తిరుగుతాయని 1974లోనే ట్వర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. అందుకే వీలైతే మీరే ముందు చెప్పండి.

మీకు పని వచ్చు. గడువులు నిలబెట్టడం వచ్చు, అలిగిన రచయితను దారికి తేవడం వచ్చు. ఇక నేర్చుకోవాల్సింది మీ తరఫున మీరు మాట్లాడటమే. ఈ శుక్రవారం ఇంటికి బయల్దేరే ముందు మొదటి మూడు లైన్లు రాయండి.