కొండ మీద ఇంకా చలికాలమే

ఏప్రిల్ వచ్చేసరికి సియాటిల్ దగ్గరి బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వీధుల్లో చెర్రీ పూలు రాలుతుంటాయి. నెలల తరబడి ముసురుతో విసిగిపోయిన పిల్లలు కాస్త ఎండ కనపడగానే హైకింగ్‌కి వెళ్దామని మొదలుపెడతారు. ఊరి నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చేది కూడా అప్పుడే. తప్పకుండా వెళ్లండి. కానీ ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే ముందు ఒక్క సంగతి చూడండి. మనింటి ముందు వసంతం వచ్చినంత మాత్రాన కొండ మీదికి వచ్చినట్టు కాదు.

వెయ్యి అడుగులు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు మూడున్నర ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుంది. బెల్‌వ్యూ నుంచి గంటలోపే చేరుకునే స్నోక్వాల్మీ పాస్ ఎత్తు 3,000 అడుగుల పైమాటే. మౌంట్ రెయినియర్ మీది పారడైజ్ 5,400 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ మే నెలలో కూడా మనిషెత్తు మంచు మామూలు. ఫోన్లో చూసి ముచ్చటపడే ఆ పూల మైదానాల ఫొటోలు ఎక్కువగా ఆగస్టులో తీసినవి.

పైగా వసంతంలో మంచును నమ్మకూడదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, అడుగున మాత్రం కరిగిన నీరు తొలిచేసి ఉంటుంది. చెట్ల మొదళ్ల చుట్టూ, బండల పక్కన, వాగుల మీద లోపలంతా గుల్ల. మనకి మోకాలి దాకా దిగబడే చోట అయిదేళ్ల పిల్లాడు నడుం దాకా దిగబడతాడు. పొద్దున్న సులువుగా దాటిన వాగు, మధ్యాహ్నం ఎండకి పైన మంచు కరిగి, తిరిగొచ్చేసరికి ఉరకలేస్తుంటుంది. బిగ్ ఫోర్ మంచు గుహల దగ్గర 2010లో మంచుగడ్డ విరిగిపడి 11 ఏళ్ల పాప చనిపోయింది. 2015లో గుహ కూలినప్పుడు కూడా ప్రాణం పోయింది. రెండూ జులైలోనే జరిగాయి. అలాంటి గుహ లోపలికి తొంగిచూడాలని ఏ పిల్లలకైనా ఉంటుంది, ఆ వయసే అంత. ఆపాల్సింది మనం.

అందుకని ఏప్రిల్, మే నెలల్లో కింది అడవులకే వెళ్లమంటాను. కూగర్ మౌంటెన్, టైగర్ మౌంటెన్ కింది బాటలు పిల్లల కాళ్లకి చాలు. అక్కడ నిజంగా చూడ్డానికి ఎంతో ఉంది. మూడు ఆకులు, మూడు తెల్లని రేకుల ట్రిలియం పువ్వు అప్పుడే విచ్చుకుంటుంది, వాడే కొద్దీ గులాబీ రంగుకి తిరుగుతుంది. విత్తనం నుంచి పువ్వు దాకా ఏళ్లు పడుతుంది కాబట్టి కోయొద్దని మాత్రం ముందే చెప్పండి. తడి ఆకుల మీద బనానా స్లగ్ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. చిప్ప లేని ఈ నత్త పండిన అరటిపండు రంగులో ఉంటుంది, కొన్నిటికి నల్లమచ్చలు కూడా. తల మీద పొడుగాటి కొమ్ములు రెండు, వాటి కొసన కళ్లు. కింద పొట్టి కొమ్ములు రెండు, అవి వాసన పట్టడానికి. కుడిపక్కన చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, ఊపిరి పీల్చుకునేది దాంతోనే. పిల్లలు ఆ రంధ్రం కోసం నేల మీద వంగి ఇరవై నిమిషాలు చూస్తే చూడనివ్వండి. మైళ్లు ఎన్ని నడిచామన్న లెక్క ఆ రోజుకి వదిలేయండి.

జీన్స్, కాటన్ టీషర్టులు వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడినంతా లాగేస్తాయి. ఉన్ని లేదా పాలియెస్టర్ బట్టలు, పైన వాన జాకెట్టు, సంచిలో అదనంగా రెండు జతల సాక్సులు ఉండాలి. పులిహోర, ఫ్లాస్కులో వేడి పాలు ఉంటే పేచీలు సగం తగ్గుతాయి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల పోతుంది. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఏ ట్రైల్‌కి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఊళ్లో ఉన్న స్నేహితులకి చెప్పి బయల్దేరండి.

ఒకవేళ కాస్త ఎత్తుకే వెళ్లారనుకోండి, దారి మీద మంచు మొదలైన చోటే వెనక్కి తిరగండి. పెద్దాడు అలుగుతాడు, ఇంకొంచెం దూరమే కదా అంటాడు. కసరొద్దు. మంచు కింద నీళ్ల చప్పుడు వినిపిస్తుంటే, దూరంగా నిలబడే వాడికి వినిపించండి, ఎందుకు ఆగామో వాడికే అర్థమవుతుంది. పారడైజ్‌కి ఆగస్టులో వద్దామని మాటివ్వండి. ఇంటికొచ్చాక ఆ తారీఖు క్యాలెండర్ మీద వాడి చేతే రాయించండి.