తేనె నిలవ – ఇంట పాటింపవలసిన నియమములు

"తేనె ఎన్నటికిని చెడిపోదు" అను మాట మన ఇండ్లలో తరచు వినబడును. ఈ మాట సగమే నిజము. పక్వమైన తేనె తనంత తాను చెడదు. మన చేతి తడియు, మన పొయ్యి వేడియు దానిని చెరచును. కావున తేనెను ఎట్లు భద్రపరచవలెనో, ఎంతకాలము వాడవచ్చునో ఈ వ్యాసమున వివరించుచున్నాను.

నిలవ ఉండుటకు కారణము

తేనెటీగలు మకరందమును పట్టులో చేర్చి, రెక్కలతో విసరి, అందలి నీటిని ఆవిరి చేయును. పక్వమైన పిదపనే అరలకు మైనపు మూత వేయును. అట్టి తేనెలో నీరు సాధారణముగా నూటికి 20 పాళ్ల లోపు ఉండును. ఆ చిక్కదనమునందును, స్వల్పమైన పులుపుగుణమునందును సూక్ష్మజీవులు పెరుగజాలవు. పట్టును పిండి తీసిన తేనెలో మూత పడని అరల పచ్చితేనె కూడ కలియును. అది పలుచనై త్వరగా పులియును. దానిని పొడిబట్టలో వడగట్టి, రెండు మూడు నెలలలో వాడుకొనుట మంచిది.

పాత్ర

గాజుసీసా గాని, పింగాణీ జాడీ గాని శ్రేష్ఠము. ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. తేనెలోని ఆమ్లము లోహమును తినివేయును. తేనె గాలిలోని తేమను పీల్చుకొనును గనుక మూత బిగువుగా ఉండవలెను. తడి చెంచా ముంచరాదు. పొయ్యి ప్రక్కను, ఎండ తగులు కిటికీలోను ఉంచరాదు. రిఫ్రిజిరేటరు అవసరము లేదు.

ఒక గృహిణి మంచి కొండతేనె తెప్పించుకొని, సీసాను కడిగి, ఆరకముందే అందులో పోసినారు. శ్రావణమాసము నాటికి అది నురుగు కట్టి, మూతను పైకి తన్నినది. తేనె కల్తీదని అమ్మినవానిని నిందించుచు నాయొద్దకు తెచ్చినారు. దోషము తేనెది కాదు, అమ్మినవానిదియు కాదు. సీసా అడుగున మిగిలిన నీటిది.

పేరుకొనుట, పులియుట

ఈ రెండింటికి గల భేదమును తెలిసికొనవలెను. చలికాలమున తేనె అడుగున పలుకులుగా పేరుకొనుట సహజము. అందలి ద్రాక్షశర్కర, అనగా గ్లూకోజు, స్ఫటికములగుటయే దీనికి కారణము. ఇది చెడిన గుర్తు కాదు; ఇంతమాత్రమున చక్కెర కలిపినారని నిర్ణయింపరాదు. దానిని అట్లే తినవచ్చును. కరగవలెనన్నచో మూసిన సీసాను చేయి ఓర్వగల గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచిన చాలును. పొయ్యిమీద కాచరాదు. తేనెకు వేడి విరుద్ధమని చరకుడును, సుశ్రుతుడును స్పష్టముగా చెప్పినారు. వేడిచేత తేనెలోని ఎంజైములు నశించునని నేటి పరిశోధకులును చెప్పుచున్నారు.

నురుగు, బుడగలు, కల్లు వంటి పుల్లని వాసన కనబడినచో అది పులిసినదని తెలియవలెను. అట్టి దానిని ఔషధమునకు వాడరాదు.

ఎంతకాలము?

మా గురువుగారి ఇంట ప్రతి తేనెజాడీ మెడకు, తేనె తెచ్చిన మాసమును, సంవత్సరమును వ్రాసిన చీటి కట్టియుండెడిది. దానికి కారణమున్నది. ఏడాది గడచిన తేనెను భావప్రకాశము పురాణమధువు అన్నది. క్రొత్త తేనె పుష్టినిచ్చును, కఫమును మిక్కిలిగా హరింపదు. పాత తేనె కొవ్వును, స్థూలత్వమును తగ్గించును. కృశించినవారికి క్రొత్తదియు, స్థూలకాయులకు పాతదియు ఇచ్చుట మా సంప్రదాయము.

తడి సోకని పక్వమైన తేనె అనేక సంవత్సరములు నిలుచును. అయినను రంగు ముదురును, పరిమళము తగ్గును. గృహస్థులు ఒకటి రెండు సంవత్సరములకు సరిపడునంతయే తెచ్చుకొని, సీసాపై తేదీ వ్రాసి ఉంచుకొనుట ఉత్తమము. కొన్న సీసాపై ముద్రించిన గడువును కూడ గమనింపవలెను.

పసిబిడ్డల విషయము

ఎంత శుద్ధముగా నిలవచేసినను తేనెలో ఒక ప్రమాదము మిగిలి ఉండవచ్చును. క్లాస్ట్రీడియం బొటులైనం అను సూక్ష్మజీవి యొక్క బీజములు తేనెలో పెరుగవు గాని చావవు. ఇంటిలో కాచినను నశింపవు. పెద్దల ప్రేగులలో అవి సాధారణముగా మొలకెత్తవు. ఏడాది నిండని శిశువు ప్రేగులలో మొలకెత్తి విషమును పుట్టింపగలవు. శిశువులకు కలుగు ఈ వ్యాధిని 1976లో అమెరికాలో గుర్తించినారు.

నవజాత శిశువునకు తేనె నాకించుట మన ఆచారము, జాతకర్మయందును చెప్పబడినది. వైద్యము ప్రారంభించిన దినములలో నేనును పసిపిల్లల మందులను తేనెతో రంగరించి ఇచ్చితిని. ఈ సంగతి తెలిసిన పిదప మానితిని. ఆచారము బిడ్డ క్షేమము కొరకే ఏర్పడినది. క్షేమమునకు భంగము కలుగునని తెలిసిన పిదప దానిని విడుచుట శాస్త్రద్రోహము కాదు.

ఏడాది నిండువరకు బిడ్డకు తేనె చుక్కయైనను నాకింపరాదు. వైద్యుడు మందు సూచించినచో తల్లిపాలతో ఇయ్యవచ్చును. తెలియక తేనె ఇచ్చిన పిదప మలబద్ధము, పాలు చప్పరింపలేకపోవుట, ఏడుపు సన్నగిల్లుట, మెడ వాలిపోవుట కనబడినచో ఇంటి వైద్యములతో కాలము పుచ్చక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.