వెలకు గొన్న సాక్ష్యము

తిరుమల దర్శనమునకో, బసకో టిక్కెట్టు కోరు దూరపు యాత్రికుడు నేడు గూగులు నడుగుచున్నాడు. అందు మొదట కనబడిన వెబ్‌సైటే దేవస్థానమువారిదని నమ్మి సొమ్ము చెల్లించువారు గలరు. దేవస్థానము పేర నడచిన నకిలీ వెబ్‌సైటుపై 2023లో తిరుమల పోలీసులు కేసు నమోదు చేసిరి. కావున ఏది ముందు, ఏది వెనుక యనుట మనకు చిన్న సంగతి కాదు.

ఆ వరుస యెట్లేర్పడును? 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు స్టాన్‌ఫర్డు విద్యార్థులు వెల్లడించిన పద్ధతిలో, ఒక పుట మఱియొక పుటకు జూపు లింకు సాక్ష్యమువంటిది. పలువురిచే చూపబడిన పుట చెప్పు సాక్ష్యమునకు విలువ హెచ్చు. మదనపల్లె టమాటా మండీలో పేరుగల రైతు మెచ్చిన దళారిని తక్కిన రైతులు నమ్మునట్లే యిదియును. అయితే వర్తకులు ఆ సాక్ష్యమును సొమ్మిచ్చి కొనజొచ్చిరి. వెలకు గొన్న లింకుపై గుర్తుంచవలెనని గూగులు నియమము. 2012లో "పెంగ్విన్" అను మార్పుచే, అట్టి లింకులతో పైకెక్కిన పుటలు పెక్కు వెనుకబడెను.

"తాను ప్రకటనలమ్ముకొనుచు, ఒరుల యమ్మకమును తప్పనుట న్యాయమా?" యని వర్తకు లడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అన్వేషణలో పక్షపాతము చూపెనని మన దేశపు పోటీ కమిషను 2018లో గూగులునకు సుమారు 136 కోట్ల రూపాయల జరిమానా విధించెను. న్యాయాధిపతియు వర్తకుడును ఒక్కడే యైనచో అనుమానము సహజమే గదా! అయినను ప్రకటనపై ప్రకటన యను గుర్తు గలదు. దొంగచాటు లింకునకు అదియు లేదు. అమ్మకమును మేము తప్పుపట్టము, దాచుటనే తప్పుపట్టుచున్నాము.

మా విద్యార్థులు ఇంటివారికి దర్శనపు టిక్కెట్లు తీయునపుడు, చిరునామా చివర "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని యున్నదేమో చూడవలెను. ఆ భాగము ప్రభుత్వమునకు సంబంధించిన సంస్థలకే యిత్తురు.