యావజ్జీవ శిక్ష అంటే పద్నాలుగేళ్లేనా?

సినిమాలు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. ఖైదీ బతికున్నంత కాలమూ అని 1961లో గోపాల్ వినాయక్ గోడ్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి ఈ 14 ఎక్కడిది? 1978లో చేర్చిన 433-ఎ సెక్షన్ నుంచి వచ్చింది. ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహితలో 475వ సెక్షన్. మరణశిక్ష కూడా వేయదగిన నేరానికి యావజ్జీవం పడితే, 14 ఏళ్లు జైల్లో గడపనిదే ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలకూడదు. నిండగానే వదలాలని మాత్రం అందులో లేదు! కొడుకు కోసం సంవత్సరాలు లెక్కపెట్టుకునే తల్లికి ఈ తేడా ఎవరు చెబుతారు?

విడుదలకు షరతులుంటాయి. తప్పితే తగ్గింపు రద్దు చేసి, మిగిలిన శిక్షకు మళ్లీ లోపలికి పంపవచ్చు. అయితే ఖైదీ మాట వినకుండా రద్దు చేయరాదనీ, రాష్ట్రానికి విడుదల విధానం ఉంటే అర్హుల విషయం దరఖాస్తు లేకున్నా పరిశీలించాలనీ 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. చదువురాని ఖైదీకి ఇది పెద్ద ఊరట.