కారు బ్యాటరీ మార్చుకొను విధము

ఒకప్పుడు రాయలసీమ పల్లెలకు ఎడ్లబండియే దిక్కు. నేడు కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములయందు చిన్న గ్రామములలో సైతము కార్లు కానవచ్చుచున్నవి. పురుటినొప్పులు పడు స్త్రీని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చవలెనన్నను, పాముకాటు తిన్నవానిని పట్టణమునకు తీసికొనిపోవలెనన్నను ఆ కారే ఆధారము. అట్టి వేళ తాళము త్రిప్పగా ఇంజను కదలక ‘టక్’ మను శబ్దము మాత్రమే వినవచ్చినచో ఆ ఇంటివారి గతి యేమి? ఆత్మకూరు నుండి దోర్నాలకు పోవు నల్లమల దారిలో కారు ఆగినచో పిలిచిన పలుకు మనిషియైనను దొరకడు. కావున బ్యాటరీ సంగతి కారు గల ప్రతివారును తెలిసికొనదగినది. సరియైన బ్యాటరీని ఎన్నుకొనుట, దానిని అపాయము లేకుండ అమర్చుట అను రెండు విషయములను ఇచట వివరింతుము.

బ్యాటరీలో ఏమున్నది?

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నేటికిని కార్లలో ఎక్కువగా వాడుకలోనున్నది ఆ జాతిదే. పెట్టెలో ఆరు గదులుండును. ఒక్కొక్క గదిలో సీసపు పలకలు నీరు కలిపిన గంధకామ్లములో మునిగియుండును. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము మించి ఇచ్చును. ఆరును కలిసి 12 వోల్టుల బ్యాటరీ యగును. ఈ పరిశ్రమ మన సీమకు పరాయిది కాదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి చెంత కరకంబాడిలో బ్యాటరీలను తయారుచేయుచున్నది.

మన ఎండ, మన నీరు

వేసవిలో మన జిల్లాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఇంజను ప్రక్కన ఆ వేడి ఇంకను హెచ్చు. వేడి పెరిగినకొలది బ్యాటరీలోని నీరు ఆవిరియగును, పలకలు త్వరగా క్షీణించును. చల్లని ప్రదేశములలో ఎక్కువ కాలము నడచు బ్యాటరీ మన యెండలో అంతకాలము నిలువదు. కారును చెట్టునీడనో కొట్టములోనో నిలుపుట ఖర్చులేని వైద్యము.

ఇక నీరు. బేతంచెర్ల రాయి, కడప నాపరాయి మనకు ఇండ్లు కట్టుకొనుటకు మంచివేకాని ఆ సున్నపురాతి నేలలోని బోరునీటిలో లవణములు అధికముగా నుండును. ఆ నీటిని బ్యాటరీలో పోసినచో పలకలు పాడగును. మూతలు గల బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే, అదియు గుర్తు దాటకుండ పోయవలెను. యాసిడ్ ఎన్నడును పోయరాదు. మూతలు లేని సీలు బ్యాటరీని తెరువ యత్నింపరాదు.

చెడినది బ్యాటరీయేనా?

కారు కదలనంతనే క్రొత్త బ్యాటరీకి డబ్బు పోయుట తగదు. మొదట టెర్మినళ్ళను చూడవలెను. తెల్లని లేక పచ్చని పొడి పేరుకొనినను, క్లాంపు వదులైనను మంచి బ్యాటరీ కూడ పనిచేయదు. తరువాత మీటరుతో కొలువవలెను. కారును కొన్ని గంటలు నిలిపియుంచిన పిదప 12.6 వోల్టులున్నచో బ్యాటరీ నిండియున్నట్లు. 12కు దిగినచో చాలవరకు ఖాళీయైనట్లు. ఇంజను నడచుచుండగా సాధారణముగా 13.8 నుండి 14.5 వరకు చూపవలెను. అంతకు చాల తగ్గినచో లోపము ఆల్టర్నేటరులో ఉండవచ్చును. దానిని బాగుచేయింపక క్రొత్త బ్యాటరీ పెట్టినచో అదియు నాలుగు దినములలో నిర్జీవమగును.

సరియైనదానిని ఎన్నుకొనుట

తక్కువ ధరకు దొరకినదే మనకు తగినదనుకొనరాదు. కారుతో వచ్చిన పుస్తకమును, పాత బ్యాటరీపైని చీటీని చూచి ఈ సంగతులు సరిపోల్చవలెను.

మొదటిది శక్తి. ఆంపియర్-అవర్ల లెక్క కంపెనీ చెప్పినదానికి తగ్గరాదు. డీజిలు ఇంజనును త్రిప్పుటకు పెట్రోలు ఇంజనుకంటె ఎక్కువ బలము కావలయును. చిన్న పెట్రోలు కారు బ్యాటరీని డీజిలు కారుకు తగిలించుట దున్నపోతు బరువును దూడపై వేయుటయే.

రెండవది కొలత. తట్టలో కదలక కూర్చుండవలెను. ఎత్తు మించినచో బానెటు మూసినపుడు టెర్మినల్ ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును.

మూడవది ప్లస్, మైనస్‌ల స్థానము. కొన్ని బ్యాటరీలపై 38బి20ఎల్, 38బి20ఆర్ వంటి గుర్తులుండును. ఇందు 20 అనునది సుమారు పొడవు, సెంటీమీటర్లలో. చివరి అక్షరము టెర్మినళ్ళ వరుసను తెలుపును. ఎల్ ఉన్నచోట ఆర్ తెచ్చినచో తీగలు అందవు, లేదా తారుమారగును. తారుమారైనచో ఆల్టర్నేటరు, కంప్యూటరు భాగములు కాలిపోవును.

నాలుగవది జాతి. కారు నిలిచినపుడు ఇంజను తనంతట తానే ఆగి మరల నడచు ఏర్పాటు గలవానికి ఇ.ఎఫ్.బి. లేక ఏ.జి.ఎం. అను ప్రత్యేక బ్యాటరీలుండును. వాని స్థానమున మామూలుది పెట్టరాదు.

కొనునపుడు తయారైన నెలను చూచి, వోల్టులు కొలిపించి, వారంటీ కార్డుపై తేదీ వేయించుకొనవలెను.

అమర్చు పద్ధతి

బ్యాటరీనుండి వెలువడు ఉదజని వాయువు రవ్వంత నిప్పు తగిలినను పేలును. కావున దగ్గర బీడీ, అగ్గిపుల్ల కూడదు. గాలి ఆడుచోట, చదునైన నేలపై కారును నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, తాళము తీసివేయవలెను. ఉంగరము, కడియము, గడియారము విప్పవలెను. కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను.

1. ముందుగా మైనస్ క్లాంపు విప్పి, మరల తగులకుండ దూరముగా నుంచుడు.
2. తరువాత ప్లస్ క్లాంపు విప్పుడు.
3. పట్టీ విప్పి, బ్యాటరీని వంపక నిటారుగా ఎత్తుడు. బరువు 10 కిలోలకు మించవచ్చును గనుక నడుము వంచక మోకాళ్ళు వంచి ఎత్తవలెను.
4. తట్టను, క్లాంపులను వంటసోడా కలిపిన నీటితో కడిగి ఆరనిండు.
5. క్రొత్తదానిని కూర్చుండబెట్టి, పట్టీ గట్టిగా బిగించుడు. గ్రామపు గతుకుల దారిలో వదులుగానున్న బ్యాటరీ పలకలు అదరి రాలిపోవును.
6. ముందు ప్లస్, చివర మైనస్ బిగించి, పైన వాజలైను పూయుడు.

ఈ వరుసకు కారణము కలదు. కారు ఇనుప శరీరమంతయు మైనస్‌కు కలిసియున్నది. మైనస్ ఉండగా ప్లస్ విప్పునపుడు స్పానరు ఇనుమునకు తగిలినచో విద్యుత్తంతయు ఒక్కసారి ప్రవహించి, స్పానరు ఎఱ్ఱగా కాలి చేయి బొబ్బలెక్కును. బ్యాటరీయే పగిలిపోవచ్చును. అందుచే ‘ముందు విప్పునది మైనస్, చివర బిగించునది మైనస్’ అని కంఠస్థము చేయుడు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలోని నారింజరంగు తీగలను మాత్రము మనము ముట్టరాదు. అది శిక్షణ పొందినవారి పని.

యాసిడ్ కంట పడినచో నలుపక, వెంటనే మంచినీటితో కనీసము 15 నిమిషములు కడిగి, జాప్యము చేయక వైద్యునికడకు పోవలెను. అందుకే పనికి పూనుకొనుటకు ముందే బిందెడు నీళ్ళు దగ్గర పెట్టుకొనవలెను.

పాతదానిని ఏమి చేయవలెను?

సీసము కొఱకు పాత బ్యాటరీని ఇంటి పెరటిలో పగులగొట్టుట, కరగించుట మహాపాపము. సీసపు పొగ, ధూళి పసిపిల్లల మెదడును శాశ్వతముగా దెబ్బతీయును. యాసిడ్ చెఱువులో కలిసినచో పశువులకును ముప్పు. 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమావళి ప్రకారము పాతవానిని సేకరించి శుద్ధిచేయించు బాధ్యత ఉత్పత్తిదారులదే. కావున దానిని దుకాణమునకే తిరిగి ఇచ్చి, దాని విలువను క్రొత్తదాని ధరలో తగ్గింపజేసికొనుడు.

పొలములో అదనుకు విత్తు పడనిదే పంట రాదని మన రైతుకు తెలియును. యంత్రమునకును అంతే. వేసవి రాకముందొకసారి, వానలు మొదలుకాగానే మరియొకసారి బ్యాటరీని పరీక్షించుకొన్నచో, ఆపదవేళ తాళము త్రిప్పినంతనే ఇంజను పలుకును. ఒక గంట శ్రద్ధ ఒక నిండు ప్రాణమును కాపాడగలదు.