మైకుకు తగిన ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎంచుకోవడం ఎలా?



వార్షికోత్సవం రోజు మెల్లగా మాట్లాడే తమ్ముడి గొంతు కూడా చివరి వరుస దాకా వినపడాలి. కానీ డైనమిక్ మైకు ఇచ్చే వోల్టేజి ఒకటి రెండు మిల్లీవోల్టులే. పొడవాటి వైరులో దానికి కరెంటు గుయ్‌మనే శబ్దం తోడైతే మాట మునిగిపోతుంది. అందుకే ప్రీయాంప్లిఫయర్ ముందు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. మనం పాఠాల్లో 'పరివర్తకం' అని చదివేది ఇదే.

ఇది చేసే పనులు రెండు:

1. మైకు వోల్టేజిని పెంచుతుంది.
2. మైకు నుండి వచ్చే రెండు వైర్లలోనూ సమానంగా చేరిన గుయ్ శబ్దాన్ని చాలా వరకు ఆపేస్తుంది.

చుట్ల నిష్పత్తి

1:10 అయితే 1 మిల్లీవోల్టు 10 మిల్లీవోల్టులవుతుంది. అలాగని నిష్పత్తి ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకోరాదు. వోల్టేజి నిష్పత్తి ప్రకారం పెరిగితే, ఇంపిడెన్స్ ఆ నిష్పత్తి వర్గం ప్రకారం మారుతుంది.

ఉదాహరణ: మైకు 200 ఓమ్‌లు. దానికి కనీసం 5 రెట్లు, అంటే 1000 ఓమ్‌ల లోడు ఉండాలి. ప్రీయాంప్లిఫయర్ ఇన్‌పుట్ 47,000 ఓమ్‌లు అనుకుందాం.

1:10 అయితే, 47,000 ÷ 100 = 470 ఓమ్‌లు. చాలదు.
1:5 అయితే, 47,000 ÷ 25 = 1880 ఓమ్‌లు. సరిపోతుంది.

ఐసీని కూడా చూడాలి. 1:5లో ఐసీకి మైకు 200 × 25 = 5000 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఎన్ఈ 5532 ఐసీ సుమారు 7000 ఓమ్‌ల దగ్గర తక్కువ నాయిస్‌తో పనిచేస్తుంది. కాబట్టి ఈ రెండింటికీ జోడీ బాగా కుదురుతుంది.

కొనేటప్పుడు జాగ్రత్తలు

ఇబ్రహీంపట్నం నుండి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి "మైకు ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వండి" అంటే చాలదు. మైకు ఓమ్‌లు, కావలసిన నిష్పత్తి రాసుకొని వెళ్ళండి. లోహపు డబ్బాలో బిగించినదే తీసుకోండి. మల్టీమీటరుతో ఓమ్‌లు చూస్తే చుట్ల నిష్పత్తి తెలియదు; పైగా మీటరు కరెంటుకు లోపలి కోరు అయస్కాంతంగా మారే ప్రమాదం ఉంది. బిగించేటప్పుడు పవర్ సప్లై ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉంచండి.

మీరే చేయండి: మైకు 600 ఓమ్‌లదైతే, అదే 47,000 ఓమ్‌ల ఇన్‌పుట్‌కు 1:3 సరిపోతుందా, 1:5 సరిపోతుందా? (జవాబు: 1:3. లోడు సుమారు 5222 ఓమ్‌లు.)

లెక్క వేసి కొంటే డబ్బూ వృథా కాదు, మాటా వృథా కాదు.